అప్‌డేట్: పనికి వేళ కుదిరింది, మనసూ కుదుటపడింది

చెన్నైలో ఇంటి నుంచి ఉద్యోగం చేస్తూ, రోజంతా కూర్చున్నా పని తెమలడం లేదని, ఇదంతా ఎవరి కోసమో తెలియడం లేదని ఇంతకుముందు అడిగాను. ముందు వేళలు చక్కబెట్టుకోమని కొందరు, మనసుకు నచ్చినది వెతుక్కోమని మరికొందరు చెప్పారు. నా విషయంలో రెండోదే మొదటిదాన్ని వెంటబెట్టుకొచ్చింది.

కొట్టూర్పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో బ్రెయిలీ విభాగం ఉంది. అక్కడ పరిచయమైన, చూపులేని ఒక ఎం.ఏ. తెలుగు విద్యార్థిని, తన పరీక్షకు లేఖకుడు, అంటే తను చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి, కావాలంది. ఒప్పుకున్నాను. చూపులేని అభ్యర్థులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇస్తారు కాబట్టి మూడు గంటల పరీక్ష నాలుగు గంటలు సాగుతుంది. ఆమె చెప్పిందే రాయాలి, నా తెలివి ఒక్క అక్షరం కూడా కలపకూడదు. ఛందస్సు ప్రశ్న వచ్చినప్పుడు ఆమె బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ, "ఇక్కడ గురువు, తర్వాత రెండూ లఘువులు, పెట్టారా అన్నా?" అని అడుగుతూ పద్యమంతా గుర్తులు పెట్టించింది. అన్ని గంటలూ నా మనసు పక్కకు పోలేదు. అంత ఏకాగ్రత నాలో ఉందని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు శనివారాలు పాఠాలు చదివి రికార్డు చేసి ఇస్తున్నాను. అందుకోసం ఆఫీసు పని శుక్రవారం సాయంత్రానికి ముగియాలి, ముగుస్తోంది కూడా. కష్టమైనది పొద్దున్నే, ఫోను వేరే గదిలో పెట్టి చేస్తాను. ఉద్యోగం అదే, జీతం అదే. ఆదివారం రాత్రి వచ్చే దిగులు మాత్రం బాగా తగ్గింది.

చెన్నైలో తెలుగు తప్పుల్లేకుండా రాయగల లేఖకులు దొరకడం చాలా కష్టంగా ఉంది. వీలున్నవారు దయచేసి చెప్పండి.