ఏసీ వేస్తే రివర్స్ గేరు గరగరమంటోంది, పాత పికప్‌కి గేర్‌బాక్స్ దించాలా?

సందేహం (నరసన్నపేట నుంచి)

అందరికీ నమస్కారం. నాది 2011 మోడల్ డబుల్ క్యాబిన్ డీజిల్ పికప్. అయిదు గేర్లు. ఇప్పటికి 2,10,000 కిలోమీటర్లు తిరిగింది. భావనపాడు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని వారానికి నాలుగు రోజులు విశాఖ వెళ్తాను. ఇల్లు గడిచేది ఈ బండి మీదే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఏసీ హైవే మీద బాగానే చల్లబడుతుంది. శ్రీకాకుళం ఊళ్లోకి వచ్చి ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర అయిదు నిమిషాలు ఆగితే చాలు, వేడి గాలి కొడుతుంది. రెండు వేసవుల్లో మూడుసార్లు గ్యాస్ పట్టించాను.

రెండోది గేర్లు. పొద్దున్న బాగానే పడతాయి. ట్రాఫిక్‌లో తిరిగాక ఫస్టు గట్టిగా పడుతుంది, రివర్స్ అయితే గరగరమంటుంది. ఏసీ వేసి ఉంటే ఇంకా ఎక్కువ. ఫోర్తు నుంచి థర్డుకి దించేటప్పుడు కూడా అప్పుడప్పుడు రాపిడి వినిపిస్తోంది. చూపిస్తే, కంప్రెసర్ లోడు పడి గేర్‌బాక్స్ పోయింది, దించాలి అన్నారు. ఆ ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. నిజంగా ఏసీకీ గేర్‌బాక్స్‌కీ సంబంధం ఉందా?

జవాబు (రాజాం నుంచి, మెకానిక్)

తమ్ముడూ, గేర్‌బాక్స్ మీద చెయ్యి వెయ్యనివ్వకు. ముందు ఇంటి దగ్గర ఒక్క పని చెయ్యి. బండి బాగా తిరిగి వేడెక్కాక, గేర్లు ఇబ్బంది పెడుతున్నప్పుడే ఇంజిను ఆపెయ్. క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడు. ఆపినప్పుడు మెత్తగా పడి, స్టార్ట్ చేశాక గరగరమంటే, క్లచ్ పూర్తిగా వదలడం లేదని, అంటే తొక్కినా ఇంజినునీ గేర్‌బాక్స్‌నీ పూర్తిగా విడదీయడం లేదని అర్థం. ఇంజిను ఆపినా గేరు అడ్డం తిరిగితే అప్పుడు గేర్‌బాక్స్‌నీ, గేరు లివరు లింకేజీనీ అనుమానించాలి.

ఏసీ వేస్తే ఎందుకు ఎక్కువవుతోందో చెప్తాను. కంప్రెసర్ బరువుకి ఇంజిను కుంగకుండా చాలా బండ్లలో ఏసీ ఆన్ చేయగానే ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిను తిరిగే వేగం) కొంచెం పెరుగుతుంది. క్లచ్ పూర్తిగా వదలకపోతే గేర్‌బాక్స్ లోపలి షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది కదా, ఐడిల్ పెరిగితే అదీ ఇంకా వేగంగా తిరుగుతుంది. రివర్స్‌కి చాలా బండ్లలో సింక్రో రింగు (గేరు పడేముందు రెండు వైపుల వేగాన్నీ సమానం చేసే రింగు) ఉండదు. అందుకే శబ్దం ముందు అక్కడే వస్తుంది. కంప్రెసర్ నడిచేది ఇంజిను ముందు బెల్టుతో. గేర్‌బాక్స్ వెనకెక్కడో ఉంది. ఏసీ దాన్ని పాడుచెయ్యలేదు.

తర్వాత, గేరు పడనప్పుడు క్లచ్ పెడల్‌ని గబగబా మూడు నాలుగుసార్లు కొట్టి, అలాగే తొక్కిపెట్టి రివర్స్ వెయ్యి. మెత్తగా పడితే లోపం క్లచ్ హైడ్రాలిక్‌లో, అంటే ఆయిలు ఒత్తిడితో క్లచ్‌ని కదిలించే భాగంలో ఉన్నట్టే. పెడల్ దగ్గర ఆయిలుని నెట్టే మాస్టర్ సిలిండరో, గేర్‌బాక్స్ దగ్గర దాన్ని అందుకునే స్లేవ్ సిలిండరో లీకవుతోంది, లేదా లైనులో గాలి చేరింది. మాస్టర్ కోసం కాళ్ల దగ్గర మ్యాట్ తీసి, పెడల్ పైన రాడ్డు గోడలోకి వెళ్లే చోట వేలు పెట్టి చూడు. స్లేవ్ కోసం గేర్‌బాక్స్ పక్కనున్న సిలిండరు రబ్బరు తొడుగు కొంచెం వెనక్కి లాగు. తడి ఎక్కడుంటే లీకు అక్కడ. క్లచ్ ఆయిలు డబ్బా మూత మీద ఏ డాట్ (ఆయిలు రకం) రాసి ఉంటే అదే పొయ్యాలి. వేరే ఆయిలు పోస్తే రబ్బర్లు ఉబ్బి మొత్తం మళ్లీ మార్చుకోవాలి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్.

ఇంకొకటి, ఫోర్తులో నలభై మీద వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కు. స్పీడు పెరక్కుండా ఇంజిను మాత్రమే అరిస్తే క్లచ్ ప్లేటు అరిగినట్టు. అది లేకపోతే ప్లేటు జోలికి కూడా ఇప్పుడే పోవద్దు.

నరసన్నపేట నుంచి

అన్నయ్యా, చెప్పినట్టే చేశాను. ఇంజిను ఆపితే అయిదు గేర్లూ, రివర్సూ వెన్నలో కత్తిలా పడ్డాయి. పెడల్ కొట్టి వేస్తే రివర్స్ చప్పుడే లేదు. పెడల్ దగ్గర పొడిగానే ఉంది. కిందికి దూరి స్లేవ్ రబ్బరు వెనక్కి లాగేసరికి నల్లటి నీళ్లలాంటి ఆయిలు ఒక చెంచాడు నా మోచేతి మీద పడింది. ప్లేటు జారడం లేదు. రేపే స్లేవ్ సిలిండరు మార్పిస్తున్నాను. మరి ఏసీ?

జవాబు (శ్రీకాకుళం నుంచి, ఏసీ పని చేస్తాను)

మూడుసార్లు గ్యాస్ పట్టించారంటే మూడుసార్లూ లీకు వెతకలేదన్నమాట. ఏసీ గ్యాస్ డీజిల్ లాగా ఖర్చయ్యేది కాదండీ. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉండాలి. తగ్గిందంటే ఎక్కడినుంచో బయటికి పోతోంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిలు కూడా కొంచెం కొంచెం బయటికి వస్తుంది కాబట్టి లీకున్న చోట జిడ్డుగా దుమ్ము పేరుకుంటుంది. టార్చి వేసి కండెన్సర్ (గ్రిల్ వెనక ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) కింది మూలలు, పైపు జాయింట్లు చూడండి. రోజూ సముద్రం ఒడ్డున ఆగే బండి, పైగా చేపల నీళ్లు. ఉప్పు గాలికి అల్యూమినియం కండెన్సర్ పిండిలా రాలిపోవడం భావనపాడు, కళింగపట్నం వైపు బండ్లకి నేను చాలాసార్లు చూశాను.

హైవే మీద చల్లగా ఉండి ఆగితే వేడెక్కడానికి ఎక్కువగా కారణం కండెన్సర్‌కి గాలి అందకపోవడమే. పరుగులో ఎదురుగాలి ఆ పని చేస్తుంది. ఆగినప్పుడు ఫ్యానే చెయ్యాలి. ఏసీ ఆన్ చేసి ముందు గ్రిల్‌లోంచి ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. తిరగకపోయినా వేళ్లు మాత్రం పెట్టొద్దు, ఎప్పుడైనా అందుకోవచ్చు. తర్వాత బండి నిలబెట్టి, ఏసీ నడుస్తుండగా గ్రిల్ మీంచి కండెన్సర్‌కి రెండు బకెట్ల నీళ్లు నెమ్మదిగా పొయ్యండి. రెండు మూడు నిమిషాల్లో లోపల చల్లబడితే కంప్రెసర్ బాగానే ఉందని నమ్మకంగా చెప్పొచ్చు.

ఎక్కడైనా గ్యాస్ ఒత్తిడి చూసే గేజీలు పెట్టిస్తే ఇంజిను నడుస్తున్నప్పటి అంకెలు రెండూ రాయించుకోండి. మన ఎండకి ఆర్134ఏ గ్యాస్ ఉన్న బండిలో చిన్న వైపు (తక్కువ ఒత్తిడి) 30 నుంచి 45, పెద్ద వైపు (ఎక్కువ ఒత్తిడి) 200 నుంచి 260 పీఎస్ఐ దాకా ఉంటే మామూలు. ఇంజిను ఆపి ఉన్నప్పుడు 30 డిగ్రీల వేడికి రెండూ 97 దగ్గర నిలబడతాయి. అది చూసి ‘గ్యాస్ ఫుల్లు’ అంటే ఒప్పుకోకండి. లోపల సగమే ఉన్నా అదే అంకె చూపిస్తుంది.

నరసన్నపేట నుంచి

ఫ్యాన్ తిరగడం లేదు! కనెక్టరు ఊడదీస్తే పిన్నులకి పచ్చగా తుప్పు పట్టి ఉంది. గేజీలు పెట్టిస్తే 55, 330. నీళ్లు పోశాక పెద్దది 240కి దిగింది, లోపల చల్లగాలి వచ్చింది. కండెన్సర్ ఎడమ కింది మూలలో జిడ్డు మరక కూడా కనిపించింది, అరచేతి వెడల్పు.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

కనెక్టరు కొత్తది వేయించండి, గీకి మళ్లీ పెట్టొద్దు. ఆ మరక దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయా చూపించండి. వస్తే కండెన్సర్ మార్చాల్సిందే. దాంతో పాటు గ్యాస్‌లో తేమ పీల్చే డ్రయ్యర్, జాయింట్లలో ఉండే రబ్బరు ఓరింగులు కొత్తవి వెయ్యాలి. కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టి (పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేసి), పంపు ఆపాక ముల్లు కదలకుండా ఉంటేనే గ్యాస్ ఎక్కించమనండి. ఎంత గ్యాసో బానెట్ కింద స్టిక్కరు మీద గ్రాముల్లో ఉంటుంది, తూకం వేసే ఎక్కించాలి. చవగ్గా దొరుకుతుందని వంటగ్యాస్ లాంటివి కొట్టేవాళ్లు ఉన్నారు. వాటికి నిప్పు అంటుకుంటుంది. మీరు కూర్చునే క్యాబిన్‌లోనే కూలింగ్ కాయిల్ ఉందని మర్చిపోకండి.

నరసన్నపేట నుంచి

స్లేవ్ మార్చి, ఎయిర్ తీశాక ఏసీ వేసినా రివర్స్ మెత్తగా పడుతోంది. ఫ్యాన్ కూడా తిరుగుతోంది, నిన్న ఏడు రోడ్ల దగ్గర పది నిమిషాలు ఆగినా చల్లగానే ఉంది. సబ్బు నీళ్లకి చిన్న బుడగలు వచ్చాయి, కండెన్సర్ ఆర్డర్ పెట్టాను. థర్డు గేరు రాపిడి మాత్రం అలాగే ఉంది.

జవాబు (సాలూరు నుంచి, ముప్పై ఏళ్లుగా లారీ డ్రైవర్)

బాబూ, థర్డు సింక్రో రింగు అరిగి ఉంటుంది. అంతమాత్రానికి దించక్కర్లేదు. గేరాయిలు మార్చి చూడు. డ్రైన్ బోల్టు విప్పే ముందు పైనున్న ఫిల్లింగ్ బోల్టు ఊడుతుందో లేదో చూసుకో. ఆయిలు మొత్తం కారిపోయాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. మాన్యువల్ పుస్తకంలో జీఎల్-4 (గేరాయిలు రకం) రాసి ఉంటే అదే తీసుకో. జీఎల్-5లో ఉండే కొన్ని మందులు ఇత్తడి రింగులకి పడవు. బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుంటే భయం లేదు. ఆయిల్లో బంగారు రంగు పొడి మెరిస్తే రింగులు అరుగుతున్నాయని తెలుసుకో. ఇనుప ముక్కలు వస్తే మాత్రం ఇక నడపకు.

ఈలోగా థర్డుకి దించేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్ చెయ్యి, క్లచ్ వదిలి చిన్న రేసు ఇవ్వు, మళ్లీ తొక్కి థర్డు వెయ్యి. సుంకి ఘాటులో పాత లారీలన్నీ మేం అలాగే దించేవాళ్లం. థర్డు దానంతట అదే న్యూట్రల్‌లోకి జారడం మొదలైతే అప్పుడు దించించు. దించిన రోజున క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంకు వెనక ఆయిల్ సీలు కూడా మార్పించెయ్, మళ్లీ ఆ కూలి ఇచ్చుకోనక్కర్లేదు.