నిద్ర పెప్టైడ్ వయల్ కలిపితే తెల్లగా మసకబారింది. 10 యూనిట్లంటే ఎంత?

రేణిగుంట_నైట్‌డ్యూటీ: మధ్యాహ్నం నుంచి దీంతోనే కొట్టుకుంటా ఉండా, ఎవురన్నా తెలిసినోళ్ళు చెప్పండబ్బా. నిద్ర కోసం సూదితో వేసుకునే పెప్టైడ్ పొడి తెప్పించినా, చిన్న సీసాలో (వయల్) వచ్చింది. నీళ్ళు పోసి కలిపితే తెల్లగా మసకబారింది, ఎంతసేపు పెట్టినా తేటపడలా. అమ్మినాయన ‘పడుకునే ముందు 10 యూనిట్లు’ అని మెసేజి పెట్టి, ఇప్పుడు ఫోన్ ఎత్తడంలా. 10 యూనిట్లంటే ఎన్ని మైక్రోగ్రాములు? యూట్యూబులో ఒక్కొక్కడు ఒక్కో లెక్క చెప్తాడు. లెక్క మాత్రం చెప్పండి, ఉపన్యాసాలొద్దు.

మందులషాపు_మామ: ఏ పెప్టైడు? ఎన్ని మిల్లీగ్రాములు? ఎంత నీళ్ళు, ఏం నీళ్ళు? ఏ సిరంజి?

కొర్లగుంట_పెద్దాయన: నాయనా, ఈ సూదులెందుకు? రాత్రి ఏడింటికల్లా రవంత సంగటి తిని, ఫోన్ అవతల పారేసి, ఎనిమిదిన్నరకు పడుకో. సాయంత్రం కాఫీ మాను. తాగిన కాఫీలో కెఫీన్ సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. నేను రిటైరైనాక సాయంత్రం కాఫీ మానేసినా, పడుకుంటే తెల్లారిందాకా మెలకువ రాదు. మీ పిల్లకాయలకు చెప్తే వినరు, టీకొట్టు కాడ పదకొండింటికి కూడా గుంపే.

రేణిగుంట_నైట్‌డ్యూటీ: పెద్దాయనా, నేను రాత్రి తినేదే రెండింటికి, క్యాంటీన్లో. నాది నైట్ షిఫ్టు. మామా, డీఎస్ఐపీ, అంటే డెల్టా స్లీప్ ఇండ్యూసింగ్ పెప్టైడ్, 5 మిల్లీగ్రాములు. 2 ఎంఎల్ స్టెరైల్ వాటర్ పోసినా. సిరంజి అందరూ వాడే ఇన్సులిన్ సిరంజే.

మందులషాపు_మామ: నైట్ షిఫ్టని ముందే చెప్పొచ్చు కదా. సిరంజి మూత ఏ రంగు?

చిత్తూరు_సైన్స్‌టీచర్: అడిగారు కాబట్టి చెబుతున్నా. (అడగలేదు, తెలుసు.) డీఎస్ఐపీ అంటే 9 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో మోనియే, షోనెన్‌బర్గర్ బృందం నిద్రపుచ్చిన కుందేళ్ళ మెదడు నుంచి వచ్చే రక్తంలోంచి దీన్ని వేరుచేసింది. అమైనో ఆమ్లాల వరుస 1977లో బయటపెట్టారు. 1980లలో మనుషుల మీద చిన్న చిన్న ప్రయోగాలు జరిగాయి. కొన్నింట్లో కాస్త మేలు కనిపించింది, కొన్నింట్లో మందేమీ లేని ఉత్తుత్తి మందుకూ (ప్లసీబో) దీనికీ పెద్ద తేడా లేదు. శరీరంలో ఇది ఏ గ్రాహకం (కణం మీద సంకేతాన్ని అందుకునే భాగం) మీద పనిచేస్తుందో, ఏ జన్యువు దీన్ని తయారు చేస్తుందో ఇప్పటికీ తేలలేదు. నిద్రకు మందుగా అమెరికాలోనూ ఆమోదం లేదు, ఇక్కడా లేదు. పేరులో నిద్ర ఉంది, అంతే.

అలిపిరి_యోగా: ఈ స్టెరాయిడ్లతో ఒళ్ళు గుల్ల చేసుకోవద్దు. అంతగా కావాలంటే మెలటోనిన్ బిళ్ళ వేసుకో తమ్ముడూ, అదీ పెప్టైడే, సూది కూడా అక్కర్లేదు.

చిత్తూరు_సైన్స్‌టీచర్: డీఎస్ఐపీ స్టెరాయిడ్ కాదు, మెలటోనిన్ పెప్టైడ్ కాదు. మెలటోనిన్ ట్రిప్టోఫాన్ అనే ఒక్క అమైనో ఆమ్లం నుంచి తయారయ్యే చిన్న అణువు. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఇన్సులిన్‌లో 51 ఉంటాయి.

అలిపిరి_యోగా: హార్మోనా కాదా? హార్మోన్లన్నీ ఒకటే సార్.

చిత్తూరు_సైన్స్‌టీచర్: థైరాయిడ్ బిళ్ళా ఇన్సులినూ ఒకటేనా మేడమ్?

రేణిగుంట_నైట్‌డ్యూటీ: మీరిద్దరూ బయట కొట్లాడుకోండి స్వామీ! మామా, మూత ఎర్రది. అమ్మకు సుగరు, ఆమె కోసం తెచ్చిన ప్యాకెట్లోదే.

మందులషాపు_మామ: అదీ సంగతి. ఎర్ర మూతది 40 సిరంజి, 40 గీతలకు 1 ఎంఎల్. ఆరెంజ్ మూతది 100 గీతలకు 1 ఎంఎల్. యూట్యూబు వాళ్ళు చెప్పేదంతా 100 దానికే. నువ్వు కలిపినదాంట్లో ఒక ఎంఎల్‌కు 2.5 మిల్లీగ్రాములు. ఆరెంజ్ దాంట్లో 10 గీతలంటే 250 మైక్రోగ్రాములు. నీ ఎర్రదాంట్లో అదే 10 గీతలంటే 625. రెండున్నర రెట్లు ఎక్కువ. సుగరోళ్ళు ఇన్సులిన్ బాటిల్ ఒక రకం, సిరంజి ఇంకో రకం కొని ఇట్లనే పొరపడతా ఉంటారు, రోజూ చూస్తా ఉంటా.

రేణిగుంట_నైట్‌డ్యూటీ: అయితే నాలుగు గీతలు ఎక్కిస్తే సరిపోద్దా?

మందులషాపు_మామ: లెక్క ప్రకారం సరే, కానీ వేసుకోవద్దు. పారెయ్. మసకబారిందంటే పొడి సరిగా కరగలేదనో చెడిపోయిందనో, లేకుంటే లోపల ఇంకేదో ఉందనో. ఏదైనా సరే, ఒంట్లోకి పోకూడదు. స్టెరైల్ వాటర్లో ప్రిజర్వేటివ్ ఉండదు, ఒకసారి మూత పొడిచినాక ఫ్రిజ్‌లో పెట్టి రోజూ గుచ్చుకుంటా పోతే క్రిములు చేరతాయి. వయల్ లేబుల్ చదివినావా?

రేణిగుంట_నైట్‌డ్యూటీ: ‘రీసెర్చ్ యూజ్ ఓన్లీ’ అని ఉండాది. అడిగితే, అది ఊరికే వేస్తారులే అన్నాడు.

మందులషాపు_మామ: ఊరికే కాదు. తయారీ లైసెన్స్ నంబర్ లేదు కదా? లోపల ఏముందో అమ్మినోడికీ తెలీదు.

అలిపిరి_యోగా: నేను మొదట్నుంచీ అదే చెప్తా ఉండా.

పుత్తూరు_నర్సక్క: తమ్ముడూ, నువ్వు పడుకునేది పగలే కదా. డ్యూటీ దిగి ఎండలో ఇంటికొస్తే మెదడు తెల్లారిందనే అనుకుంటుంది. వచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకో, గది చీకటి చేసుకో, సెలవు రోజు కూడా పడుకునే టైం మరీ మార్చొద్దు. గురక పెడతావా?

రేణిగుంట_నైట్‌డ్యూటీ: ఇంట్లో వాళ్ళు ట్రాక్టర్ లాగా ఉంటుందంటారు. మధ్యమధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తానని మా ఆవిడ చెప్తాది. దానికీ దీనికీ ఏం సంబంధం అక్కా?

పుత్తూరు_నర్సక్క: అంతా దానికే సంబంధం! గొంతులో దారి మూసుకుపోయి గాలి ఆడకుంటే ఎంతసేపు పడుకున్నా తీరదు, బీపీ కూడా పెరుగుతుంది. ఏ పెప్టైడూ గొంతు తెరవదు. ఛాతీ డాక్టర్‌కో ఈఎన్‌టీకో చూపించి, నిద్ర పరీక్ష అడుగు. రాత్రంతా తీగలు పెట్టి ఊపిరి, ఆక్సిజన్, గుండె చూస్తారు. అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు అని తేలితే, మాస్కుతో గాలి ఒత్తి గొంతు దారి తెరిచి ఉంచే సీపాప్ మిషన్ పెడతారు. ఆ పరీక్ష కాకుండా నిద్ర మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు వేసుకోవద్దు, కొన్నిటితో ఊపిరి ఇంకా తగ్గుతుంది. అప్నియా కాకుంటే నిద్రలేమికి మొదట చెప్పేది సీబీటీ-ఐ, అంటే నిద్ర అలవాట్లూ ఆలోచనలూ మార్చే చికిత్స, మందు కాదు.

కొర్లగుంట_పెద్దాయన: గురకకు ఎడమ పక్కకు తిరిగి పడుకోవాల. నేను ముందే చెప్దామనుకున్నా.

చిత్తూరు_సైన్స్‌టీచర్: మేడమ్, హార్మోన్లన్నీ ఒకటే అన్నదానికి మీరింకా జవాబు ఇవ్వలేదు.

రేణిగుంట_నైట్‌డ్యూటీ: సరే మామా, అక్కా, థాంక్స్. బస్సొచ్చేసింది. అమ్మినాయన దగ్గర డబ్బులు వెనక్కి వచ్చే దారి ఏదన్నా ఉంటే చెప్పండి, రేపు చూస్తా.