షాద్‌నగర్‌లో పెరుగుతున్నది ఊరా, భూమి ధరా?

ప్రశ్న (అత్తాపూర్ నివాసి)

అందరికీ నమస్కారం. మేము నలుగురం హైదరాబాద్‌లోని అత్తాపూర్‌లో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటున్నాము. నా ఉద్యోగం శంషాబాద్ విమానాశ్రయంలో, సరుకు రవాణా విభాగంలో. వారం వారం షిఫ్టు మారుతుంది. ఏటా కిరాయి పెరుగుతుండటంతో, నగరం నుంచి దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న షాద్‌నగర్‌లో చిన్న ఇల్లు చూసుకుందామని ఇంట్లో అనుకుంటున్నాము. గత రెండు నెలల్లో మూడు ఆదివారాలు అక్కడికి వెళ్ళి వచ్చాను. వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు కారులో ఎక్కించుకొని వెంచర్ల మధ్య తిప్పి, కమాన్ల ముందు నిలబెట్టి, రంగుల మ్యాపు చేతిలో పెట్టి పంపించారు తప్ప, ఊళ్ళోకి ఒక్కరూ తీసుకువెళ్ళలేదు. నేను కొని అమ్ముకోవడానికి రావడం లేదు, ఉండటానికి వస్తున్నాను. నాతోపాటు డెబ్బై దాటిన అమ్మ, హైస్కూలుకు వెళ్ళే కూతురు ఉంటారు. ఆ ఊరు నిజంగా ఎలా పెరుగుతున్నదో, అక్కడ ఉంటున్నవారు గానీ రోజూ అటునుంచి వచ్చి పోయేవారు గానీ చెప్పగలరా?

జవాబు 1 (షాద్‌నగర్ వాసి, విశ్రాంత ఉపాధ్యాయుడు)

మిమ్మల్ని ఊళ్ళోకి తీసుకువెళ్ళకపోవడంలో వింతేమీ లేదు. వారు అమ్ముతున్నది ఊరిని కాదు, ఊరి పేరును. ఆ పేరు సంగతి ముందుగా చెబుతాను, ఎందుకంటే రేపు కాగితాలు చేతికి వచ్చినప్పుడు మీరు తికమక పడతారు. నిజాం కాలంలో రెండుసార్లు ప్రధానమంత్రిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ ‘షాద్’ అనే కలం పేరుతో కవిత్వం రాసేవారు. ఈ ఊరికి ఆ పేరే వచ్చింది. కానీ మండలం పేరు ఫరూఖ్‌నగర్. అందువల్ల రైలు స్టేషన్ బోర్డు మీద ఒక పేరు, పట్టా పాస్‌బుక్కులో మరో పేరు కనిపిస్తే మోసమని కంగారు పడకండి. పక్కనే ఉన్న బూర్గుల గ్రామం పేరే 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన రామకృష్ణారావు గారికి ఇంటిపేరుగా స్థిరపడింది.

మేము 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్‌నగర్ జిల్లా వాళ్ళం. జిల్లాల పునర్విభజనలో రంగారెడ్డిలోకి వచ్చాము; కలెక్టర్ కార్యాలయానికి కొంగర కలాన్ వెళ్తాము, లోక్‌సభ ఓటు మాత్రం ఇప్పటికీ మహబూబ్‌నగర్‌కే వేస్తాము. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, ‘పాలమూరు’ (మహబూబ్‌నగర్ పాత పేరు) అన్న మాటకు బదులు ‘రంగారెడ్డి’ అన్న మాట చేరగానే భూమి ధర మారిన తీరును మేము కళ్ళారా చూశాము. భూమి అదే, చెలక అదే, బోరులో నీళ్ళు కూడా అంతే.

ఈ ప్రాంతానికి వచ్చిన మొదటి పెద్ద సంస్థ పరిశ్రమ కాదు. ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకునే కేంద్రం ఇక్కడ 1979 నుంచి పనిచేస్తున్నది. నేటి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి చెందిన పెద్ద పెద్ద యాంటెన్నాలు అక్కడే ఉన్నాయి. దేశంలోని పంటల చిత్రాలూ తుపానుల చిత్రాలూ ముందుగా మా ఊరి పక్కన దిగుతాయని తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నమ్మేవారు కాదు. అంత పెద్ద సంస్థ వచ్చినా ఊరు మాత్రం చాలా ఏళ్ళు చుట్టుపక్కల పల్లెల అంగడిగానే ఉండిపోయింది. పత్తి, మక్కజొన్న, కూరగాయలు, విత్తనాల దుకాణాలు, పరిగి రోడ్డు, కేశంపేట రోడ్డు: ఊరి బతుకంతా వీటి చుట్టూ తిరిగేది. అసలు మార్పు 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైన తరువాత వచ్చింది. ఆ తరువాత పెంజర్ల దగ్గర ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కర్మాగారం, కొత్తూరు, నందిగామ, మేకగూడ వైపు మందుల కంపెనీలు, గోదాములు, ఇటీవల డేటా సెంటర్లు వరుసకట్టాయి. గమనించండి, నేను చెప్పిన పేర్లన్నీ ఊరికి ఉత్తరాన, హైదరాబాద్ వైపు ఉన్నవే. పెరుగుదల జాతీయ రహదారి వెంట నగరం నుంచి మా వైపు పాకుతూ వస్తున్నదే తప్ప, ఊరి నడుమ నుంచి బయటికి విస్తరించినది కాదు. కొత్తూరు కూడా ఇప్పుడు మున్సిపాలిటీయే; అక్కడ 2021లో తొలి ఎన్నికలు జరిగాయి.

ఒకప్పుడు మా పాలమూరు వాళ్ళు మూటాముల్లె కట్టుకొని బొంబాయికీ పూణేకూ కూలికి పోయేవారు. ఇప్పుడు బీహార్, ఒడిశాల నుంచి వచ్చిన యువకులు మా ఊళ్ళో ఒక్కో గదిలో ఆరుగురు చొప్పున ఉండి కర్మాగారాలకు వెళ్తున్నారు. నా ఇంటి ఎదురుగా ఉన్న మడిగెలో ఇదివరకు ఎరువులు అమ్మేవారు, ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తూ రైలు టికెట్లు తీసి ఇస్తున్నారు. ఊరు ఎలా పెరిగిందని అడిగారు కనుక చెబుతున్నాను: ఆ మడిగె మారినట్లు పెరిగింది.

ఇక నీళ్ళ సంగతి. ఇక్కడ నది లేదు. నేల కింద గట్టి రాయి. బోరు పడితే అదృష్టం, పడకపోతే ట్యాంకరు. ఊళ్ళో మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు వస్తాయి, తాగడానికి ఇబ్బంది లేదు. అయితే కొత్త వెంచర్లలో కమాను, సిమెంటు రోడ్డు, దీపాలు ముందు వస్తాయి, పైపు చివరికి వస్తుంది. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి 2015 జూన్‌లో శంకుస్థాపన చేసినప్పుడు మా ప్రాంతం కోసం లక్ష్మీదేవిపల్లి జలాశయాన్ని చివరి మెట్టుగా చూపించారు. దానిని నమ్ముకొని భూములు కొన్నవారు ఉన్నారు. జలాశయం మాత్రం ఇంకా కాగితం మీదనే ఉంది. మీరు ఇల్లు చూడదలచుకుంటే మే నెలలో, అది కూడా ఉదయం నీళ్ళు వదిలే వేళకు రండి, ఇరుగుపొరుగు బిందెలు చూస్తే చాలు.

జవాబు 2 (రోజూ కాచిగూడ వెళ్ళే ఉద్యోగి)

పై మాటలు చెప్పిన మాస్టారుకు నమస్కారం. రాకపోకల గురించి నేను చెబుతాను. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మార్గంలో 85 కిలోమీటర్ల మేర రెండో లైను, విద్యుదీకరణ పూర్తయి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమయ్యాయి. అంతకుముందు ఒక్క లైను మీద ఎదురు రైలు కోసం తిమ్మాపూర్‌లో ఆగి, పల్లీలు తింటూ కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఆ బాధ చాలావరకు తగ్గింది. కానీ పట్టాలు రెండైనంత మాత్రాన రైళ్ళు ఎక్కువ కాలేదు. నగరపు లోకల్ రైలు ఎంఎంటీఎస్ ఫలక్‌నుమా నుంచి శంషాబాద్ దగ్గరి ఉందానగర్ వరకు వచ్చి అక్కడే ఆగిపోయింది. దానిని షాద్‌నగర్ దాకా పొడిగించమని ఇక్కడివారు అడుగుతూనే ఉన్నారు.

మీ ఉద్యోగం విమానాశ్రయంలో అన్నారు కనుక, పగటి షిఫ్టులో రైలెక్కి ఉందానగర్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళడం సాధ్యమే. రాత్రి షిఫ్టుకు మాత్రం రైలును నమ్ముకోకండి, సొంత బండి గానీ కంపెనీ బస్సు గానీ ఉండాలి. రోడ్డు మార్గాన విమానాశ్రయం వైపు టోల్ బాధ లేదు, రాయికల్ టోల్‌ప్లాజా షాద్‌నగర్ దాటిన తరువాత జడ్చర్ల వైపు ఉంటుంది. మరో చిక్కు ఉంది. జాతీయ రహదారి ఊరిని తప్పించి బైపాస్‌గా వెళ్తుంది. దూరప్రాంతపు బస్సుల్లో కొన్ని ఊళ్ళోకి రాకుండా బైపాస్ మీదనే దింపేస్తాయి. రాత్రి పది దాటాక అక్కడ షేర్ ఆటో దొరకడం మీ అదృష్టాన్ని బట్టి ఉంటుంది. పెద్దావిడ ఉన్నారు కనుక దీనిని లెక్కలోకి తీసుకోండి.

మీకిచ్చిన రంగుల మ్యాపులో మెట్రో లైను కూడా గీసి ఉంటుందని నా అనుమానం. అది పూర్తిగా కట్టుకథ కాదు. 2023లో అప్పటి ప్రభుత్వం శంషాబాద్ నుంచి కొత్తూరు మీదుగా షాద్‌నగర్ వరకు 28 కిలోమీటర్ల మెట్రోను ప్రకటించింది. ఆ తరువాత ప్రభుత్వం మారింది, రెండో దశ కోసం కొత్తగా తయారుచేసిన మార్గాల జాబితాలో షాద్‌నగర్ లేదు. మ్యాపు మాత్రం మారలేదు!

జవాబు 3 (దస్తావేజులు చూసే న్యాయవాది)

ఉండటానికే కొంటున్నానని మీరు అన్న ఒక్క మాట మీద నా జవాబు ఆధారపడి ఉంది. షాద్‌నగర్ చుట్టూ అమ్ముతున్నవాటిలో గుంటల లెక్కన అమ్మే ‘ఫామ్ ల్యాండ్’ చాలా ఎక్కువ. గుంట అంటే 121 గజాలు. అది కాగితం మీద వ్యవసాయ భూమిగానే ఉంటుంది. చుట్టూ ప్రహరీ కట్టి, నాలుగు మామిడి మొక్కలు నాటి, మధ్యలో రోడ్డు వేసినంత మాత్రాన లేఅవుట్ అయిపోదు, ఇంటికి అనుమతీ రాదు. ఇల్లు కట్టుకోదలచినవారు దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

అనుమతి ఉన్న వెంచర్ అని చెబితే, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ఇచ్చినదా, డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళికా విభాగం) ఇచ్చినదా అని అడిగి, ఆ అనుమతి సంఖ్యను మీరే సరిచూసుకోండి. ఐదువందల చదరపు మీటర్లు మించిన లేఅవుట్ రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు కావాలి. పాత ప్లాటు అయితే 2020 ఆగస్టు 26 కంటే ముందు వేసిన లేఅవుటా కాదా, క్రమబద్ధీకరణ రుసుము చెల్లించారా లేదా అన్నది చూడాలి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) ఒక్కటి తీసి ఊరుకోకుండా లింకు దస్తావేజులన్నీ, అంటే పాత అమ్మకాల కాగితాలన్నీ అడగండి. భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది గానీ, పాత రికార్డుల్లోని తప్పులు పేరు మారగానే సరికావు.

‘ఫ్యూచర్ సిటీకి ఆనుకొనే ఉంది’ అన్న మాట కూడా మీ చెవిన పడి ఉంటుంది. ప్రభుత్వం కట్టదలచిన ఈ కొత్త నగరానికి పెట్టిన ఫ్యూచర్ సిటీ సంస్థ పరిధిలోకి ఏడు మండలాల్లోని 56 గ్రామాలు వస్తాయి. అవి శ్రీశైలం, నాగార్జునసాగర్ రహదారుల వైపు ఉన్నాయి, ఫరూఖ్‌నగర్ మండలం వాటిలో లేదు. హైదరాబాద్ చుట్టూ దూరంగా ప్రతిపాదించిన ప్రాంతీయ వలయ రహదారి (రీజినల్ రింగ్ రోడ్డు) విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అది దగ్గరగా వస్తే ధర పెరుగుతుందని అమ్మేవారు చెబుతారు, మరీ దగ్గరగా వస్తే మీ ప్లాటే భూసేకరణలో పోతుందన్న మాట మింగేస్తారు. దక్షిణ భాగానికి ప్రతిపాదించిన సర్వే నంబర్లలో మీది ఉందేమో చూసిన తరువాతనే బయానా ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. నా చేతిలోని మ్యాపులో మెట్రో గీత నిజంగానే ఉంది. మాస్టారూ, మరొక్క సందేహం. ఊళ్ళోనే పాత ఇల్లు కొనడం మేలంటారా, వెంచర్‌లో కొత్తది మేలంటారా?

జవాబు 1 రాసినవారు

రెండూ ఇప్పుడే వద్దు. స్టేషనుకూ బస్టాండుకూ మధ్య కిరాయికి ఇళ్ళు దొరుకుతాయి. అత్తాపూర్‌లో మీరు కడుతున్నదానికంటే తక్కువే అవుతుంది. ఒక సంవత్సరం ఉండి చూడండి. అమ్మగారికి అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఇక్కడే చూపించగలరా, శంషాబాద్ దాకా పరుగెత్తాలా అన్నది మీకే తెలుస్తుంది. పాప బడి విషయం అంత కష్టం కాదు, ప్రభుత్వ బడులూ ప్రైవేటు బడులూ చాలా ఉన్నాయి. పదో తరగతి తరువాత మాత్రం చాలామంది పిల్లలు కాలేజీకి నగరం వైపే వెళ్తున్నారు. కిరాయి ఇల్లు చూడటానికి వచ్చేటప్పుడు ఆదివారం కాకుండా పనిదినం సాయంత్రం ఆరు గంటలకు రండి. కర్మాగారాల బస్సులు ఒకదాని వెనుక ఒకటి దిగుతుంటాయి, రైలు గేటు పడి ఉంటుంది, కూరగాయల బండ్లు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. కాస్త ఓపిక పట్టి ఆ రద్దీ దాటి వస్తే, స్టేషను రోడ్డులో నేనే ఎదురు వస్తాను.