ఏటా చేద్దామనుకున్న స్కూలు సమ్మేళనం రెండో ఏటికే పలచబడింది, ఎట్ల నిలబెట్టుకోవాలి?

ప్రశ్న: 1995 పదో తరగతి బ్యాచ్, తిరుపతి

అందరికీ నమస్కారం. మాది తిరుపతిలో ఒక మునిసిపల్ హైస్కూలు. తొలిసారి ఆత్మీయ సమ్మేళనం పెట్టినప్పుడు జనం బాగా వచ్చినారు. బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు నుంచి కార్లేసుకుని దిగినారు. పోయేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. ఇక ఏటా కలవాల్సిందేనని ఆ రాత్రే అనుకున్నాము. మరుసటి ఏడు పిలిస్తే సగం మంది కూడా రాలేదు. ఆడపిల్లలైతే (మాకు వాళ్ళు ఇప్పటికీ ఆడపిల్లలే) వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

డిసెంబరు చివర్లో, ఒక హోటల్లో ఏసీ హాలు తీసుకుని చేస్తున్నాము. మనిషికి 3 వేలు. శనివారం సన్మానాలు, పాటలు, భోజనం. ఆదివారం అందరం కొండకు పోదామనుకుంటే కొందరికి దర్శనం టికెట్లు దొరికినాయి, కొందరికి దొరకలేదు. ఇంక ఎవరి దోవ వాళ్ళదైంది.

మా క్లాసులో ఆటో తోలేవాళ్ళుండారు, అమెరికాలో ఉండేవాళ్ళుండారు, అలిపిరి దగ్గర పూలు అమ్మేవాళ్ళుండారు. వీళ్ళంతా ఒకే బెంచీ మీద కూర్చోవాలంటే ఇదొక్కటే దారి. దీన్ని పోనియ్యడం నాకిష్టం లేదు. తేదీ, చోటు, డబ్బు అన్నీ మొదటినుంచి ఆలోచించుకుంటాము. ఏళ్ళ తరబడి నడుపుతున్నవాళ్ళు దయచేసి చెప్పండి.

జవాబు: 1988 బ్యాచ్, తిరుపతి

తమ్ముడూ, మాదీ తిరుపతే. కోవిడ్ కాలం తప్ప మాది ఆగలేదు. పిలవడం, లెక్కలు రాయడం మా ఇంటినుంచే జరుగుతాయి కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను, ఏమీ అనుకోవద్దు.

ముందు రానివాళ్ళ పేర్లు రాసుకో. ఎందుకు రాలేదో వాట్సాప్‌లో అడగొద్దు, ఊర్లో ఉండేవాళ్ళ ఇండ్లకు పోయి కాఫీ తాగి అడుగు. గ్రూపులో అందరూ "పని పడింది" అంటారు. ఇంట్లో కూర్చుంటే అసలు సంగతి వస్తుంది: 3 వేలు లేవనో, కట్టుకోను మంచి చీర లేదనో, ఇంట్లో పంపరనో, "నేను పది ఫెయిలు, నన్నెవరు పిలిచినారు" అనో. తేదీ, చోటు, డబ్బు ఎట్ల పెట్టాలో ఆ మాటల్నిబట్టే తెలుస్తుంది.

ఇంకొకటి, మీ జాబితా ఎక్కడిది? పదో తరగతి గ్రూపు ఫోటోలోదే అయితే అది సగం జాబితానే. హెడ్మాస్టరును అడిగి అడ్మిషన్ రిజిస్టరు చూడండి. ఆరులో చేరి ఎనిమిదిలో మానేసినవాళ్ళ పేర్లు, వాళ్ళ నాయన పేరు, వీధి దాంట్లో ఉంటాయి. పెండ్లయి ఇంటిపేరు మారిన ఆడవాళ్ళను మేము పట్టుకునింది ఆ వీధుల పేర్లతోనే. పుట్టింటి పక్కనుండే పెద్దవాళ్ళకు అన్నీ తెలుసు. మానేసి బట్టల కొట్లో చేరిన అబ్బాయి మా దగ్గర ఇప్పుడు అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేస్తాడు.

తేదీ సంగతి. డిసెంబరు చివర తిరుపతిలో వద్దు. కొత్త సంవత్సరం రద్దీ, వైకుంఠ ఏకాదశి రద్దీ ఇంచుమించు ఆ రోజుల్లోనే, లాడ్జీల్లో రూములుండవు. అక్టోబరు, నవంబరుల్లో వానలు. 2021 నవంబరులో మన వీధులెట్ల ఏరులైనాయో చూసినారు కదా. మేము పెట్టుకునేది మేలో, తాతయ్యగుంట గంగమ్మ జాతర అయిన వెంటనే వచ్చే శని, ఆదివారాలు. జాతరకు ఆడబిడ్డలు పుట్టింటికొస్తారు, పిల్లలకు సెలవులు. ఎవరినీ ప్రత్యేకంగా పంపమని బతిమలాడుకునే పని లేదు, వచ్చే ఉంటారు. జాతర మధ్యలో మాత్రం పెట్టొద్దు. జాతర మొదలని చాటింపు పడినాక ఊరోళ్ళు పొలిమేర దాటకూడదని ఇప్పటికీ పాటించే ఇండ్లుండాయి. ఆఖరి బుధవారం తెల్లారుజామున అమ్మవారి విశ్వరూపం (మట్టి బొమ్మ) చెంప నరికితే జాతర ముగిసినట్టే, ఇక ఇబ్బంది లేదు.

ఎండంటారా, సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టి రాత్రి తొమ్మిదికి ముగించండి. హోటలు వద్దు, స్కూల్లోనే చేయండి. ఎండాకాలం సెలవుల్లో ఖాళీగా ఉంటుంది. హెడ్మాస్టరుకు నెల ముందు ఉత్తరమిచ్చి అనుమతి తీసుకోండి. ముందురోజే పోయి మరుగుదొడ్ల తాళాలు, నీళ్ళ ట్యాంకరు, కరెంటు చూసుకోండి. ఆడవాళ్ళు రావాలంటే మీ స్టేజీ అలంకారం కంటే ఆ మరుగుదొడ్లు ముఖ్యం.

డబ్బు: మనిషికింత అని రేటు పెట్టొద్దు. ఇద్దరి సంతకాలతో ఒక బ్యాంకు ఖాతా తెరవండి. ఎవరెంత వేసినారో ఆ ఇద్దరికే తెలియాలి. ఖర్చు మాత్రం పైసాతో సహా గ్రూపులో పెట్టండి. ఎక్కువిచ్చినవాళ్ళ పేరు మైకులో చదివితే ఇయ్యలేనివాళ్ళు మరుసటి ఏడు రారు. ఇది నాకు చాలా గట్టి పట్టు, మా వాళ్ళతో దీనికోసం పోట్లాడినాను కూడా.

కొండ ప్రోగ్రాములో వద్దు. 300 రూపాయల టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్లో అయిపోతాయి. అంతమంది ఒకే టైముకు దొరికించుకోవడం జరిగే పని కాదు. దర్శనం కావాల్సినవాళ్ళు రెండు రోజుల ముందొచ్చి చేసుకుంటారు, లేదా సోమవారం ఉండిపోతారు.

జవాబు: 2001 బ్యాచ్, చిత్తూరు

అక్క చెప్పింది నూటికి నూరు. ఆదివారం గురించి నా మాట. మా క్లాస్‌మేటుకు పాకాల దోవలో మామిడి తోపుంది. పొద్దున్నే అక్కడికి పోతాము, ఆ రోజు కుటుంబాలతో. మేలో బేనీషా (బంగినపల్లి మామిడి) కోతకు వస్తుంది, పిల్లలు చెట్ల కింద ఎంత సేపైనా ఆడుకుంటారు. కట్టెల పొయ్యి మీద రాగి సంగటి, నాటుకోడి పులుసు, తిననివాళ్ళకు చెనిక్కాయల ఊరిబిండి (పచ్చడి), పప్పు. వంటమాస్టరును పిలుచుకున్నా సంగటి కెలికేది మాత్రం మేమే. తలకోన జలపాతం ఎంత బాగున్నా మేలో నీళ్ళు సన్నగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఆ నడక కష్టం.

తోపులో మందు వద్దని ముందే గట్టిగా చెప్పండి. ఒక్క సీసా కనబడితే మరుసటి ఏడు ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు మానేస్తారు.

జవాబు: బెంగుళూరులో ఉంటున్న తిరుపతివాసి

మే అంటే మాలాంటివాళ్ళకు కష్టమండీ. పిల్లల సెలవుల్లో ఊర్లు తిరగాలని ఏడాది ముందే అనుకుంటాము. జనవరిలో కనుమ దాటిన శని, ఆదివారాలు చూడండి, చల్లగా ఉంటుంది.

జవాబు: 1988 బ్యాచ్, తిరుపతి

నాయనా, నీకు కారుంది, ఏ నెలైనా మూడు పూటల్లో వచ్చి పోగలవు. అత్తగారింట్లో సంక్రాంతి పని ముగించుకుని అలిసిపోయిన మనిషి కనుమ మరుసటి రోజు బయల్దేరలేదు. ఆమెకు కుదిరే రోజును మనం పట్టుకుందాం.

జవాబు: రిటైరైన లెక్కల మాస్టరు, చంద్రగిరి

పిల్లలూ, మా తరఫున ఒక మాట. సన్మానమని పిలిచి వరసగా స్టేజీ మీద కూర్చోబెడతారు. డెబ్బై దాటినవాళ్ళకు నడుము పట్టేస్తుంది, ఉపన్యాసాలు అయ్యేదాకా లేవలేము. శాలువాలు బీరువాలో పేరుకున్నాయి. మాకు కావాల్సింది మీతో మాట్లాడటం. ఒక బ్యాచ్ వాళ్ళు నన్ను కారులో తీసుకుపోయి, పాత గదిలో చాక్‌పీసు చేతికిచ్చి అరగంట పాఠం చెప్పమన్నారు. త్రికోణమితి చెప్పినాను. వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడనివాడు ఆ రోజు లేచి డౌటు అడిగినాడు.

మీ సోషలు మాస్టరు ఓపికగా ఉంటే ఆదివారం పొద్దున ఎండ రాకముందే మా చంద్రగిరి కోటకు తీసుకురండి. తిరుపతి నుంచి గంట కూడా పట్టదు. 1565 తళ్ళికోట యుద్ధం గురించి ఆయన క్లాసులో చెప్పి ఉంటారు. దాని తర్వాత విజయనగర రాజులు ఇక్కడికెట్ల చేరినారో మూడంతస్తుల రాజమహల్ ముందు నిలబడి చెప్పమనండి. మీ పిల్లలు కూడా వింటారు. పాకాల తోపుకు దోవ అదే.

ప్రశ్న అడిగినవారు:

అక్కా, మాస్టారూ, అందరికీ దండాలు. హోటలుకు అడ్వాన్సు ఇంకా కట్టలేదు, ఈసారి కట్టము. సోమవారం స్కూలుకు పోయి రిజిస్టరు అడుగుతాను, మా బ్యాచ్ అమ్మాయిలిద్దరు తోడొస్తామన్నారు. బెంగుళూరు అన్నా, మీలాంటివాళ్ళు మా క్లాసులోనూ ఉండారు. వాళ్ళు ముందుగా సెలవు పెట్టుకునేటట్టు జాతర తేదీ తెలిసిన రోజే చెప్పేస్తాము. అక్కా, ఒక్కటి మాత్రం అడగాల. ఇద్దరి సంతకాల ఖాతా అన్నారు కదా, ఆ ఇద్దరిలో ఒకరు ఆడవాళ్ళే ఉండాలని మీరు పెట్టుకున్నారా? మా దగ్గర అట్లే పెడదామని నేను అనుకుంటున్నాను.