మోదికా ఒక్కరోజు ట్రిప్: మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారితో వీలవుతుందా?

అందరికీ నమస్తే అండీ. వచ్చే నెల ఇటలీలోని సిసిలీ వెళ్తున్నాం, కటానియాలో నాలుగు రోజులుంటాం. మేమిద్దరం, ఎనిమిదేళ్ళ పాప, మా అత్తయ్యగారు. పాప ఎక్కడో అక్కడి మోదికా అనే ఊరి చాక్లెట్ వీడియో చూసి అక్కడికి వెళ్ళాల్సిందే అని పట్టుపట్టింది. ఊరు మొత్తం కొండ మీద మెట్లు మెట్లుగా ఉంటుందట కదా, అత్తయ్యగారు పది మెట్లెక్కితే కూర్చోవాలి. పైగా ఆవిడ గుడ్డు కూడా తినరు. పొద్దున వెళ్ళి రాత్రికి వెనక్కి రావచ్చా, బస్సా కారా, ఎవరైనా పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పరూ.

జవాబు 1:
హాయిగా వెళ్ళిరావచ్చండీ. కారులో అయితే ఒకవైపు రెండు గంటల లోపే. బస్సులు కూడా ఉన్నాయి కానీ ఆదివారం బాగా తగ్గిపోతాయి, పెద్దావిడతో కాబట్టి కారే తీసుకోండి. ఊరు రెండు భాగాలు, పైన మోదికా ఆల్తా, కింద మోదికా బాస్సా. అందరూ కింద దిగి సాన్ జార్జో చర్చికి మెట్లెక్కుతారు, అవి నూట యాభైకి పైనే, అదే పొరపాటు. మీరు ముందు కారులో పైకి వెళ్ళి పిజ్జో అనే చోట నుంచి ఊరంతా చూడండి, తర్వాత చర్చి దగ్గరిదాకా రోడ్డుంది, అక్కడ ఆవిణ్ణి దింపండి, అన్నీ అయ్యాక కిందికి రండి. కింద మెయిన్ రోడ్డు కోర్సో ఉంబెర్తో చదునుగానే ఉంటుంది, చాక్లెట్ షాపులు ఎక్కువగా అక్కడే. ఆ రోడ్డు ఒకప్పుడు ఏరు అండీ! 1902లో పెద్ద వరదొచ్చి చాలామంది పోయారు, ఆ తర్వాతే ఏటిని కప్పేసి పైన రోడ్డు వేశారు.

పార్కింగ్‌లో నీలం గీతలుంటే డబ్బు కట్టాలి, తెల్లవి ఫ్రీ. జెడ్‌టిఎల్ బోర్డు (బయటి బళ్ళకి ప్రవేశం లేని చోటని అర్థం) కనబడితే లోపలికి పోవద్దు, కెమెరా పట్టేస్తుంది. చర్చి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి అది పొద్దున్నే చూసెయ్యండి.

జవాబు 2:
చాక్లెట్ గురించి ఒక మాట, కొరికినప్పుడు పంచదార పలుకులు పళ్ళకింద కరకరలాడతాయి, మేం మొదటిసారి పాతదేమో, పాడైపోయిందేమో అనుకున్నాం. అది వాళ్ళ పద్ధతే. కోకో ముద్దని తక్కువ వేడిలో, 50 డిగ్రీలు దాటకుండా, పంచదారతో కలుపుతారు, మిగతా చాక్లెట్లని నున్నగా అవడానికి గంటలు గంటలు తిప్పుతారు చూడండి, ఆ పని ఇక్కడ చెయ్యరు. అందుకే పంచదార కరగదు. స్పెయిన్ వాళ్ళ పాలన రోజుల్లో మెక్సికో నుంచి వచ్చిన పద్ధతి అంటారు. 2018లో యూరప్ వాళ్ళ ఐజిపి గుర్తింపు (మన జిఐ ట్యాగ్ లాంటిది) వచ్చింది, కవరు మీద ఆ ముద్ర చూసి కొనండి. దాల్చినచెక్కది, వెనిలాది పాత రుచులు, మిరపకాయది కూడా ఉంటుంది. అసలు రకంలో పాలు ఉండవు, వెన్న ఉండదు, గుడ్డు ఉండదు, అత్తయ్యగారు నిశ్చింతగా తినొచ్చు.

జవాబు 3:
పైన చెప్పింది నిజమే కానీ ఒకటి మాత్రం చాలా జాగ్రత్త. అవే షాపుల్లో అర్ధచంద్రంలా, చూడ్డానికి అచ్చం మన కజ్జికాయలా ఉండే బిస్కెట్ ఉంటుంది, పేరు మ్పనతిగ్గి. లోపల చాక్లెట్, బాదం, దాల్చినచెక్కతో పాటు గొడ్డుమాంసం కలిపి ఉంటుంది, పైపిండిలో పంది కొవ్వు కూడా వేస్తారు. తింటే మాంసం అని తెలియదు. మా అమ్మ చేతిలోకి తీసుకున్నాక నేను ఊరికే అడిగాను, షాపావిడ చెప్పింది, చెయ్యి వణికిపోయింది నాకు. దయచేసి ఏం కొన్నా ముందు "సెంజా కార్నే? సెంజా స్త్రుత్తో?" అని అడగండి, మాంసం లేదా, పంది కొవ్వు లేదా అని. శాంపిల్ ప్లేట్‌లో ఉన్నది కూడా అడక్కుండా పాపకి ఇవ్వకండి.

అడిగినవారు:
అయ్యబాబోయ్, ఇది ఎవరూ చెప్పలేదండీ, చాలా చాలా థాంక్స్. భోజనం సంగతేంటి మరి?

జవాబు 1:
స్కాచ్చా అని ఆ ప్రాంతపు తిండి, పల్చటి రొట్టెలో టమాటా, చీజ్ పెట్టి మడతలు మడతలుగా కాలుస్తారు, కడుపు నిండుతుంది. అత్తయ్యగారికి మాత్రం పులిహోర కట్టుకెళ్ళండి, నేను మా నాన్నగారితో వెళ్ళినప్పుడు అదే చేశా.

అడిగినవారు, వెళ్ళొచ్చాక:
నిన్న వెళ్ళొచ్చామండీ. మీరు చెప్పినట్టే పైనుంచి కిందికి వచ్చాం. 1693 భూకంపంలో కూలిపోయాక మళ్ళీ కట్టిన చర్చి అంటే నమ్మలేకపోయాం, లోపల నేల మీద 1895లో వేసిన పొడుగాటి గీత ఉంది, పైన చిన్న కన్నంలోంచి ఎండ దాని మీద పడితే మధ్యాహ్నమైనట్టు, పాప దాని పక్కనే కూర్చుండిపోయింది, లేవనంటే లేవనంది. మ్పనతిగ్గి రెండో షాపులోనే కనబడింది, ఎర్ర రిబ్బన్ కట్టిన పెట్టెలో, ఎంత ముద్దుగా ఉందో! అడిగి పక్కన పెట్టేశాం. అత్తయ్యగారు దాల్చినచెక్క చాక్లెట్ ముక్క నోట్లో వేసుకుని "ఇది కలకండలా ఉందే" అని నాలుగు కట్టలు కొనిపించుకున్నారు. వెనక్కి వచ్చేటప్పుడు అవి ఎండ తగలకుండా పులిహోర డబ్బాలో పెట్టుకుని ఒళ్ళో పట్టుకునే కూర్చున్నారు.