పాత ఫిడిల్ ప్లేట్ల గరగర: తీసెయ్యాలా, ఉంచాలా?

గాడి_ముల్లు:
2022 జనవరి 1తో అమెరికాలో 1922 దాకా విడుదలైన రికార్డులన్నిటికీ హక్కులు తీరిపోయాయి. పాత ఫిడిల్ 78లను (నిమిషానికి సుమారు 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లను) ఇప్పుడు ఎవరికి వారు శుభ్రం చేసి నెట్‌లో పెడుతున్నారు. గరగర పోతోంది, దాంతోపాటు కమాను చప్పుడు కూడా పోతోంది. నాయిస్ రిడక్షన్ (సాఫ్ట్‌వేర్‌తో గరగర తగ్గించడం) అసలు వాడకూడదని నా వాదన.

కెంటకీలోని సేలియర్స్‌విల్‌లో 1937లో జానపద పాటలు సేకరించే అలన్, ఎలిజబెత్ లోమాక్స్ దంపతులు రికార్డు చేసిన ఫిడిలర్ విలియం స్టెప్ 'బోనపార్ట్స్ రిట్రీట్' వినండి. సంగీతకర్త ఆరన్ కోప్లండ్ 1942లో తన 'రోడియో' బ్యాలేలోకి తీసుకున్నది ఈ వాయింపునే. కమాను దిశ మారిన ప్రతిచోటా తీగను కొరికిన చప్పుడు స్వరం కంటే ఒక్క క్షణం ముందు 'చ్ఛ్' అని వస్తుంది. డాన్సుకు వాయించే ఫిడిల్‌లో డోలు పని చేసేది అదే. నున్నగా చేసిన కాపీలో ఆ చప్పుడు మెత్తబడి, నాలుగు స్వరాలూ ఒకే లాగుడులా వినబడతాయి. కమాను ఎక్కడ తిరిగిందో తెలియకపోతే ఆ పాట నేర్చుకునేదెలా?

సపసప:
గాడి_ముల్లు గారూ, గరగర స్టెప్ వాయించింది కాదు కదండీ. అది డిస్కు అరుగుదల. ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ దాన్ని వినలేదు. పైగా 1925కి ముందువి దాదాపు అన్నీ మైక్రోఫోన్ లేకుండా ఉత్త బాకాలోకి వాయించినవి. బాకా పట్టేది రమారమి 250 నుంచి 2,500 హెర్ట్జ్ వరకే. ఎక్ రాబర్ట్‌సన్ 1922లో విక్టర్ కంపెనీకి వాయించిన 'శాలీ గూడెన్'లో 5,000 పైన కోసేస్తే పోయేది ఉత్త గీకుడే. మీరన్న 'చ్ఛ్' అందులో ఎక్కనే లేదు.

గాడి_ముల్లు:
బాకా రికార్డుల సంగతి ఒప్పుకుంటున్నాను. మైక్రోఫోన్ వచ్చాక ఎక్కినవాటికి మాత్రం ఒప్పుకోను.

లక్కపలక:
ఇద్దరూ సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలుపెట్టారు. గరగరలో చాలా భాగం ముల్లు దగ్గరే పోవాలి.

ఎల్పీ (78ల తర్వాత వచ్చిన సన్న గాడి ప్లేటు) ముల్లు మొన 0.7 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్). 78 గాడికి 3 మిల్ కావాలి. సన్న ముల్లు గాడి అడుగుకి దిగిపోయి అక్కడి మట్టినే వినిపిస్తుంది. గాడి గోడలు అరిగిన ప్లేటుకు 2.5, 3.5 కూడా వేసి చూడండి. ఏదో ఒకటి అరగని చోటును పట్టుకుంటుంది.

స్టీరియో కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను కరెంటుగా మార్చే భాగం) అయితే రెండు చానళ్ళనూ కలిపి మోనో చెయ్యండి. 78లో సంగీతం ముల్లును పక్కలకు కదిలిస్తుంది. పైకీ కిందికీ కదిలించేదంతా చెత్త, కలిపితే అది రద్దయిపోతుంది. ఎడిసన్ డైమండ్ డిస్కులతోనే తిరకాసు. వాటిలో సంగీతమే పైకీ కిందికీ ఉంటుంది, మామూలుగా కలిపితే ఫిడిల్ పోయి గరగర మిగులుతుంది. ఒక చానల్‌ను తిరగేసి కలపాలి. వాటికి నీళ్ళు కూడా తగలనివ్వకండి, లోపలి చెక్కపొడి ఉబ్బుతుంది.

మామూలు లక్క ప్లేటుకు డిస్టిల్డ్ వాటర్, రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు, గాడి వెంట నడిపే మెత్తటి బ్రష్షు చాలు. లేబుల్ తడవకూడదు. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది, ఆ ప్లేటు ఇక అంతే.

ఫోనో ప్రీయాంప్‌లోని (కార్ట్రిడ్జ్ శబ్దాన్ని పెంచే పెట్టెలోని) ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ (కింది, పై శబ్దాల పాళ్ళు సరిచేసే పద్ధతి) 1954 తర్వాతి ఎల్పీల కోసం పెట్టింది. 78 మీద వాడితే పై శబ్దాలు అణిగి కమాను మొద్దుబారుతుంది. మీరు సాఫ్ట్‌వేర్‌ను తిడుతున్న కొన్ని కాపీల్లో అసలు దోషం ఇదే. ఫ్లాట్‌గా, అంటే ఏ ఈక్వలైజేషనూ లేకుండా, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించి, ముందు టిక్కులు (టక్‌మనే చప్పుళ్ళు) తీసి, ఈక్వలైజేషన్ తర్వాత చెయ్యండి.

ఇంకో మాట. ప్లేటు సెకనుకు 1.3 చుట్లు తిరుగుతుంది, గరగర కూడా చుట్టుకోసారి ఎగసి తగ్గుతుంది. బయటి అంచులో తీసుకుని సాఫ్ట్‌వేర్‌కు చూపిన నాయిస్ నమూనా లోపలి చుట్లకు సరిపోదు. అయినా దాన్నే ప్లేటంతా గట్టిగా రుద్దితే ఫిడిల్ నీళ్ళలో మోగినట్టుంటుంది.

కొత్త_కమాను:
వేగం మాటేమిటండీ? పేరే 78 కదా, దాంట్లోనే తిప్పితే సరిపోదా?

లక్కపలక:
సరిపోదండీ. బాకా కాలంలో 72 నుంచి 82 దాకా ఏ వేగంలోనైనా గాడి కోశారు (రికార్డు చేశారు). 74లో కోసినదాన్ని 78లో తిప్పితే శృతి దాదాపు ఒక స్వరస్థానం పెరుగుతుంది. ఒంటరి ఫిడిల్‌ను ఏ శృతికి కట్టారో చెప్పలేం, పియానో తోడుంటే తేల్చుకోవచ్చు. కరెంటు మీద కోసిన డిస్కులో హమ్ (కరెంటు గుయ్‌మనే మోత) దొరికితే మరీ సులువు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. సాఫ్ట్‌వేర్ చూపే పటంలో ఆ హమ్ గీత 62 దగ్గర కనబడితే మీరు 3 శాతం ఎక్కువ తిప్పుతున్నట్టు. ఇండియాలో మన యాంప్ హమ్ 50 కాబట్టి ఆ రెండూ కలిసిపోవు. అమెరికాలో ఉన్నవాళ్ళు ముల్లు ఎత్తి, హమ్ ఇంకా ఉందేమో చూసుకోవాలి.

సపసప:
ఒక చోట గాడి_ముల్లు గారితో కలుస్తాను. ఓల్డ్-టైమ్ (అమెరికా పల్లెల పాత డాన్సు సంగీతం) వాళ్ళు చాలా పాటలకు ఫిడిల్‌ను జి-డి-ఎ-ఇ వదిలి ఎ-ఇ-ఎ-ఇకి కడతారు. మన కర్ణాటక వయొలిన్ స-ప-స-పయే అది! కమాను రెండు తీగల మీద నడుస్తూ షడ్జమమో పంచమమో ఆగకుండా మోగుతుంది. బ్లూగ్రాస్ (దాన్నుంచి తర్వాత పుట్టిన బృంద సంగీతం) ఫిడిల్ మామూలు శృతిలోనే ఉండి, తన వంతుకి మైకు ముందుకొచ్చి తప్పుకుంటుంది, స్వరం తేటగా ఉంటే చాలు. ఓల్డ్-టైమ్‌లో ఆ తోడుమోత తగ్గితే పాటే సగమైపోతుంది. నాయిస్ రిడక్షన్ ముందు తినేది సన్నగా నిలిచే ఆ మోతనే.

అందుకే నేను గరగర తగ్గించడంలో 6 డెసిబెల్స్ దాటను. సాఫ్ట్‌వేర్ తీసేసిన చెత్తను విడిగా వినే మీట ఉంటుంది, అది నొక్కి వినండి. అందులో పాట లయ వినబడుతోందంటే కమానును కూడా ఊడ్చేశారన్నమాట. వెనక్కి తగ్గించండి.

గాడి_ముల్లు:
ఆ పరీక్ష బాగుంది. కానీ ఫిడిలర్ ఎడ్ హేలీ సంగతి? కంపెనీలకు రికార్డు ఇవ్వని మనిషి. 1946-47లో సవతి కొడుకు ఇంటి యంత్రం మీద కోసిన డిస్కులే మనకు మిగిలాయి. అక్కడ ఊడ్చింది ఇంకెక్కడా దొరకదు.

సపసప:
హేలీ దగ్గరే నేను అస్సలు తగ్గను. ఎడమచేతి చిన్న చిన్న జారుళ్ళు ఆ గరగర కిందే ఉన్నాయి, కాస్తయినా తీస్తేగాని చెవికి అందవు. ముడి ఫైలు ఉంచండి, పక్కనే నాదీ ఉండనివ్వండి.

గాడి_ముల్లు:
ఉండనివ్వండి. ఫైలు పేరులో మాత్రం ముల్లు సైజు, తిప్పిన వేగం, ఎన్ని డెసిబెల్స్ తీశారో రాయండి.