గేలిక్ ఫుట్‌బాల్ కోచ్ జిమ్ మెగిన్నిస్ తిరిగొచ్చాక డొనెగాల్ జట్టు ఆట ఎలా మారింది? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్తే అండి. మేం ఐర్లండ్‌లో డొనెగాల్ కౌంటీలోని లెటర్‌కెన్నీలో ఉంటున్నాం. మా బాబు చేతులతోనూ కాళ్లతోనూ ఆడే ఐరిష్ ఆట గేలిక్ ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నాడు. పరిగెడుతూ బంతిని బూటు కొసతో తన్ని మళ్లీ చేతుల్లోకి తెచ్చుకోవడం ఇంటి వెనకాల చీకటి పడేదాకా ప్రాక్టీస్ చేస్తాడు. వాడివల్ల నాకూ ఈ ఆట పిచ్చి పట్టింది.

మెగిన్నిస్ 2012లో డొనెగాల్‌కు ఆల్ ఐర్లండ్ కప్పు (కౌంటీ జట్ల మధ్య జరిగే అతి పెద్ద టోర్నీ) తెచ్చాడు, 2014 సీజన్ అయ్యాక వెళ్లిపోయాడు. 2024 సీజన్‌కు మళ్లీ పగ్గాలు పట్టగానే అల్‌స్టర్ (ఉత్తరాది కౌంటీల టోర్నీ) ఫైనల్లో ఆర్మా జట్టును పెనాల్టీల్లో ఓడించారు. 2025లో కూడా అల్‌స్టర్ మనదే! కానీ ఆల్ ఐర్లండ్ ఫైనల్లో కెర్రీ చేతిలో ఓడిపోయాం. ఆ రాత్రి బాబు అన్నం కూడా ముట్టలేదు.

అప్పట్లో ఆయన బలమంతా దాదాపు అందరినీ వెనక్కి దింపి డిఫెన్స్ చేయించడమే కదా. 2025 నుంచి వచ్చిన కొత్త రూల్స్ ప్రకారం ప్రతి జట్టులో ముగ్గురు ఎప్పుడూ అవతలి సగంలోనే ఉండాలి, 40 మీటర్ల గీత బయటి నుంచి బార్ మీదుగా కొడితే ఒకటికి బదులు రెండు పాయింట్లు. మరి పాత పద్ధతిలో ఇప్పుడు ఏం మిగిలింది? మ్యాచ్ చూసేటప్పుడు బాబుకి ఏం గమనించమని చెప్పాలి? 2014 ఆల్ ఐర్లండ్ సెమీస్‌లో డబ్లిన్‌పై డొనెగాల్ గెలిచిన మ్యాచ్‌తో మొదలుపెట్టమంటారా?